అణ్వస్త్ర దేశాల మధ్య క్షిపణి రక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 జనవరి 27న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక ఉత్తర్వుపై సంతకం చేశారు. అమెరికా రెండు దశాబ్దాలకు పైగా పాటిస్తూ వచ్చిన ఒక హద్దును అది చెరిపేసింది. ఉత్తర కొరియా వంటి చిన్న ప్రత్యర్థుల కోసం క్షిపణి రక్షణ, రష్యా, చైనాల కోసం అణు ప్రతీకార భయం అన్నదే ఆ హద్దు. ఇకపై ఆ పెద్ద దేశాల క్షిపణులనూ ఆకాశంలోనే ఆపాలన్నది కొత్త లక్ష్యం. ఆ లక్ష్యంతో చేపట్టిన పథకం పేరే గోల్డెన్ డోమ్. సైనిక నిపుణుల చర్చల్లోనే మిగిలిపోవలసిన విషయం కాదిది. ఢిల్లీలో, బీజింగ్‌లో, న్యూయార్క్‌లో నిద్రపోతున్న మనుషుల ప్రాణాలకు సంబంధించినది. అందుకే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలను తీసుకుని, నా అభిప్రాయం దాచుకోకుండా జవాబులు రాస్తున్నాను.

ఐరన్ డోమ్, ఎస్-400, గోల్డెన్ డోమ్: ఇవన్నీ ఒకటేనా?

కావు. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం గందరగోళం. ఇజ్రాయెల్ ఐరన్ డోమ్ పుట్టింది దగ్గరి నుంచి, దాదాపు 70 కిలోమీటర్ల లోపు నుంచి వచ్చే రాకెట్లను కూల్చడానికి. 2018 అక్టోబరులో మన దేశం రష్యాతో ఒప్పందం చేసుకుని కొన్న ఎస్-400 ప్రధానంగా విమానాలు, క్రూయిజ్ క్షిపణులు, తక్కువ దూరపు బాలిస్టిక్ క్షిపణుల కోసం. ఖండాంతర క్షిపణి వేరే జాతి. అది 5,500 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. అంతరిక్షంలోకి వెళ్లి, సెకనుకు సుమారు 7 కిలోమీటర్ల వేగంతో కిందికి వస్తుంది. ఆ వేగంతో హైదరాబాద్ నుంచి విజయవాడ చేరడానికి 40 సెకన్లు కూడా పట్టదు. గోల్డెన్ డోమ్ ఆపుతానంటున్న వాటిలో ముఖ్యమైనవి ఇవే. పేర్లు ఒకే తీరుగా ఉన్నంత మాత్రాన పనులు ఒకటి కావు.

వస్తున్న క్షిపణిని కొట్టడం అంత కష్టమా?

కొట్టడం కన్నా, దేన్ని కొట్టాలో తెలుసుకోవడం కష్టం. ఖండాంతర క్షిపణి ప్రయాణం దాదాపు అరగంట. మొదటి మూడు నుంచి ఐదు నిమిషాలు దాని ఇంజిన్ మండుతుంది. ఆ మంటను ఉపగ్రహాలు వెంటనే పసిగడతాయి. కానీ అప్పటికి క్షిపణి శత్రుదేశం నడిబొడ్డున ఉంటుంది, దాన్ని అందుకోగల ఆయుధం దగ్గరలో ఉండదు. చివరి నిమిషంలో వార్‌హెడ్, అంటే క్షిపణి మోసుకొచ్చే బాంబు, వాతావరణంలోకి దూసుకువస్తుంది. అప్పుడు ఒక స్థావరాన్నో ఒక ఊరినో కాపాడుకోవచ్చేమో గానీ దేశాన్నంతటినీ కాదు. మిగిలింది మధ్యలోని ఇరవై నిమిషాలు. అమెరికా ప్రధాన వ్యవస్థ పనిచేసేది అక్కడే.

అక్కడ గాలి లేదు. గాలి లేని చోట ఈక, ఇనుప గుండు ఒకే వేగంతో సాగుతాయి. దాడి చేసే దేశం వార్‌హెడ్‌తో పాటు లోహపు పూత వేసిన బెలూన్లను వదిలితే అవన్నీ పక్కపక్కనే ప్రయాణిస్తాయి. వార్‌హెడ్‌నే ఒక బెలూన్‌లో దాచవచ్చు కూడా. రాడార్ తెరపై ముప్పై చుక్కలు కనిపిస్తున్నాయనుకోండి. ప్రతి చుక్క మీదికీ ఒక ఇంటర్‌సెప్టర్, అంటే ఎదురెళ్లి కొట్టే క్షిపణి, వదిలితే నిల్వ ఖాళీ అవుతుంది. ఏరి వదిలితే, ఏరడంలో ఒక్క పొరపాటుకు ఒక నగరం పోతుంది. భౌతిక శాస్త్రవేత్తలు హాన్స్ బెథే, రిచర్డ్ గార్విన్ 1968లోనే ఈ చిక్కును బహిరంగంగా వివరించారు. ఆ తర్వాత రాడార్లు, సెన్సర్లు ఎంతో మెరుగయ్యాయి, కానీ చిక్కు పూర్తిగా తీరలేదు. ఖండాంతర క్షిపణి తయారుచేయగలిగిన దేశానికి బెలూన్ తయారుచేయడం రాదనుకోవడం ఆత్మవంచన.

తనను తాను కాపాడుకోవడం తప్పెలా అవుతుంది?

అన్నిటిలోకీ న్యాయమైన ప్రశ్న ఇది. 1967 జూన్‌లో న్యూజెర్సీలోని గ్లాస్‌బరోలో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా, సోవియట్ ప్రధాని అలెక్సీ కొసిగిన్‌కు ఇదే నచ్చజెప్పబోయారు. క్షిపణి రక్షణ వ్యవస్థలు కట్టవద్దు, అవి పోటీని పెంచుతాయి అన్నారు. కొసిగిన్ మండిపడ్డారు. రక్షణ నైతికం, దాడి అనైతికం అంటూ ఆయన బల్ల గుద్దారని మెక్‌నమారా తర్వాత గుర్తుచేసుకున్నారు. మామూలు మనిషి మనసు కొసిగిన్ వైపే మొగ్గుతుంది. మొదటిసారి చదివినప్పుడు నా మనసూ అటే మొగ్గింది.

ఇప్పుడు అవతలి దేశపు సేనాధిపతి కుర్చీలో కూర్చుని చూడండి. రెండు దేశాల దగ్గరా వెయ్యేసి వార్‌హెడ్లు ఉన్నాయి. ఎవరు ముందు కొట్టినా, రెండోవారి దగ్గర మిగిలినవి మొదటివారిని తుడిచిపెడతాయి. ఆ భయమే ఇద్దరి చేతులూ కట్టి ఉంచుతోంది. అంతలో ఒకరు కవచం తొడిగారు. అది అరకొర కవచం, వెయ్యి వార్‌హెడ్లను ఆపలేదు. కానీ ముందుగా తామే దాడి చేసి, ఎదుటివారి వెయ్యిలో తొమ్మిది వందల యాభై నేల మీదే ధ్వంసం చేస్తే? మిగిలిన యాభైని ఆ అరకొర కవచం ఆపగలదేమో. కట్టినవారికి అది డాలు. ఎదుటివారికి మాత్రం కత్తి చేతికి దొరికిన తోడులా కనిపిస్తుంది.

అప్పుడు ఎదుటివారి ముందు మంచి దారులు ఉండవు. అస్త్రాల సంఖ్య పెంచుకోవచ్చు. కవచాన్ని తప్పించుకునే కొత్త రకాలు తయారుచేసుకోవచ్చు. లేదా సంక్షోభం ముదరగానే, తమవి నేల మీద నాశనమయ్యేలోపే వాడేయాలని అనుకోవచ్చు. ఈ చివరిది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కవచం కట్టేవారి ఉద్దేశం ఎంత మంచిదైనా కావచ్చు, ఎదుటివారు లెక్క వేసుకునేది ఉద్దేశాన్ని బట్టి కాదు, సామర్థ్యాన్ని బట్టి.

ఇది సిద్ధాంతమేనా, నిజంగా ఎక్కడైనా జరిగిందా?

జరిగింది. నాకు తెలిసినంతలో అన్నిటికన్నా స్పష్టమైన ఉదాహరణ బ్రిటన్‌ది. 1960లలో సోవియట్ యూనియన్ మాస్కో చుట్టూ ఇంటర్‌సెప్టర్ల వలయం కట్టడం మొదలుపెట్టింది. తర్వాత 1972లో అమెరికాతో కుదిరిన ఒప్పందం అనుమతించిన గరిష్ఠ సంఖ్య 100. అంతకన్నా ఎక్కువ అది ఎన్నడూ పెంచలేదు. అమెరికాకు వేల వార్‌హెడ్లు ఉన్నాయి కాబట్టి మరిన్ని గురిపెట్టి ఊరుకుంది. బ్రిటన్ దగ్గర మాత్రం కొద్ది జలాంతర్గాముల పొలారిస్ క్షిపణులే ఉన్నాయి. మాస్కోను చేరలేని అణ్వస్త్రం తమకు దండగ అనుకుంది లండన్. అందుకని షెవలీన్ అనే రహస్య పథకం చేపట్టింది. ప్రతి క్షిపణిలో ఒక వార్‌హెడ్ తగ్గించి, ఆ చోటులో నకిలీ వస్తువులను నింపే పథకం అది. ఎన్నో ఏళ్లు పార్లమెంటుకు కూడా చెప్పకుండా సాగించారు. 1980లో బయటపెట్టే నాటికి ఖర్చు సుమారు 100 కోట్ల పౌండ్లకు చేరింది. 1982లో అది సముద్రంలోకి దిగింది.

ఒక నగరం చుట్టూ కట్టిన పరిమిత కవచం, దాన్ని ఛేదించడానికి ఇంకో దేశంలో ఇంత పని చేయించింది. మాస్కో మాత్రం భద్రంగా మారలేదు. దాని మీద గురిపెట్టిన వార్‌హెడ్లు పెరిగాయి, అంతే.

ఆ వలయపు వారసత్వం నేటికీ ఉంది. సోఫ్రినోలో పిరమిడ్ ఆకారంలో నిలబడిన రాడార్ దానిదే. దాని ఇంటర్‌సెప్టర్లు అణు వార్‌హెడ్‌తో పేలేలా రూపొందినవి. అంటే మాస్కోను కాపాడటానికి మాస్కో నెత్తిమీదే అణు పేలుళ్లు జరపాలి.

1972 ఒప్పందం ఏమి చేసింది?

క్షిపణి రక్షణకు హద్దులు పెడుతూ అమెరికా అధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నేత బ్రెజ్నెవ్ 1972 మే 26న మాస్కోలో సంతకం చేసిన ఒప్పందం అది. ఒక్కో దేశానికి రెండు రక్షణ కేంద్రాలు, ఒక్కో చోట 100 ఇంటర్‌సెప్టర్లు అని హద్దు గీసింది. 1974లో దాన్ని ఒక్క కేంద్రానికి కుదించారు. సోవియట్లు మాస్కోను ఎంచుకున్నారు. అమెరికా ఉత్తర డకోటాలోని క్షిపణి స్థావరాన్ని ఎంచుకుని, నెకోమా అనే చిన్న ఊరి దగ్గర సేఫ్‌గార్డ్ వ్యవస్థను కట్టింది. 1975 అక్టోబరు 1న అది పూర్తిస్థాయిలో సిద్ధమైంది. మర్నాడే దాన్ని మూసెయ్యాలని ప్రతినిధుల సభ ఓటు వేసింది. సోవియట్లు ఒక్కో క్షిపణిపై అనేక వార్‌హెడ్లు పెట్టడం మొదలుపెట్టాక 100 ఇంటర్‌సెప్టర్లకు అర్థం లేకుండా పోయింది. ఒక్కో క్షిపణిపై అనేక వార్‌హెడ్లు పెట్టే పద్ధతిని ముందుగా మోహరించింది మాత్రం 1970లో అమెరికాయే.

రక్షణకు హద్దు ఉండబట్టే దాడి ఆయుధాలకు హద్దులు పెట్టడం సాధ్యమైందని నేను నమ్ముతాను. ఎదుటివాడి గోడ ఎంత ఎత్తో తెలిస్తేనే మన నిచ్చెన ఎంత పొడవుంటే చాలో తేల్చుకోగలం.

రీగన్ కల ఏమైంది?

1983 మార్చి 23న అమెరికా అధ్యక్షుడు రీగన్ అణ్వస్త్రాలను పనికిరానివిగా చేసే కవచం కట్టమని శాస్త్రవేత్తలను కోరారు. లేజర్లు, అంతరిక్ష ఆయుధాల మీద ఏళ్ల తరబడి వేల కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. కవచం రాలేదు. 1986 అక్టోబరులో ఐస్‌లాండ్ రాజధాని రెయ్క్యవిక్‌లో రీగన్, సోవియట్ నేత గోర్బచేవ్ అణ్వస్త్రాలన్నిటినీ రద్దు చేసే మాట దాకా వెళ్లి, ఈ పరిశోధనను ప్రయోగశాలకే పరిమితం చేయాలా వద్దా అన్న దగ్గర విడిపోయారు. లేని కవచం కోసం ఉన్న అవకాశం చేజారిన ఆ సాయంత్రం గురించి చదివిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది.

రీగన్ సలహాదారు పాల్ నిట్జె ఒక మంచి కొలమానం ఇచ్చి వెళ్లారు. రక్షణ వ్యవస్థ శత్రుదాడిని తట్టుకుని నిలవాలి. దానికి మరొక ఇంటర్‌సెప్టర్ చేర్చే ఖర్చు, శత్రువు మరొక వార్‌హెడ్ చేర్చే ఖర్చు కన్నా తక్కువ ఉండాలి. ఖండాంతర క్షిపణుల విషయంలో ఈ పరీక్ష నెగ్గిన వ్యవస్థ ఇంతవరకూ లేదు.

2002లో అమెరికా ఒప్పందం నుంచి ఎందుకు బయటికి వచ్చింది?

1998 ఆగస్టు 31న ఉత్తర కొరియా ప్రయోగించిన రాకెట్ జపాన్ మీదుగా పోయింది. అమెరికాలో భయం పుట్టింది. 2001 డిసెంబరులో అధ్యక్షుడు జార్జ్ బుష్ 1972 ఒప్పందం నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించారు. 2002 జూన్ 13న అది రద్దయింది. తమ వ్యవస్థ రష్యా కోసం కాదని వాషింగ్టన్ అప్పట్లో పదే పదే చెప్పింది.

ఇప్పుడున్న వ్యవస్థ రష్యాను ఆపగలదా?

లేదు. ఆపుతుందని అమెరికా కూడా ఎన్నడూ అనలేదు. అలస్కాలోని ఫోర్ట్ గ్రీలీలో 40, కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో 4, మొత్తం 44 ఇంటర్‌సెప్టర్లు ఉన్నాయి. 1999 నుంచి 2023 వరకు జరిగిన 21 అడ్డగింపు పరీక్షల్లో నెగ్గినవి 12. ఇలాంటి చోట ఒక్కో వార్‌హెడ్‌పై నాలుగేసి వదలాలనుకుంటే 11 వార్‌హెడ్లకే నిల్వ అయిపోతుంది. రష్యా బోరేయ్ తరగతి జలాంతర్గామి ఒక్కటే 16 క్షిపణులు మోస్తుంది. ఒక్కోదానిపై ఆరు వార్‌హెడ్లు పెట్టవచ్చు. ఒక్క జలాంతర్గామి, 96 వార్‌హెడ్లు. రష్యా మోహరించిన దీర్ఘశ్రేణి వార్‌హెడ్లు మొత్తం దాదాపు 1,700.

ఆపలేనప్పుడు రష్యా, చైనా ఎందుకు కంగారుపడ్డాయి?

వారు చూసేది నేటి 44ను కాదు, రేపటి సంఖ్యను. ఒప్పందం పోయాక ఆ సంఖ్యకు హద్దు లేదు. దానికి తోడు రొమేనియాలోని దెవెసేలులో, పోలండ్‌లోని రెద్జికోవోలో అమెరికా స్థావరాలు వెలిశాయి. 2020 నవంబరులో ఓడ నుంచి ప్రయోగించిన చిన్న ఇంటర్‌సెప్టర్ ఖండాంతర స్థాయి లక్ష్యాన్ని కొట్టింది. అలాంటి ఓడలు పదుల సంఖ్యలో ఉన్నాయి.

జవాబు వచ్చింది. 2018 మార్చి 1న పుతిన్ పార్లమెంటు ముందు నిలబడి కొత్త ఆయుధాలను చూపించారు. దిశ మార్చుకుంటూ దూసుకొచ్చే అవన్‌గార్డ్, అణుశక్తితో నడిచే బురెవెస్నిక్ క్రూయిజ్ క్షిపణి, సముద్రం అడుగున సాగే పొసైడాన్ వాటిలో ఉన్నాయి. అమెరికా 2002లో ఒప్పందం వీడటమే కారణమని ఆయన సూటిగా చెప్పారు. అందులో ప్రచారం పాలు ఉంది. అయినా పొసైడాన్‌ను చూడండి. ఆకాశపు కవచాన్ని నీటి అడుగు నుంచి దాటే ఆయుధానికి వేరే ప్రయోజనం ఏముంది?

చైనా కథ ఇంకా ముఖ్యమైనది. దశాబ్దాల పాటు అది కొద్ది వందల వార్‌హెడ్లతో సరిపెట్టుకుంది. చిన్న నిల్వ ఉన్న దేశానికే కవచం వల్ల ఎక్కువ భయం. బ్రిటన్‌కు మాస్కో వలయం ఎలాంటిదో చైనాకు అమెరికా వలయం అలాంటిది. 2021లో గన్సు, షింజియాంగ్ ఎడారుల్లో వందల సైలోలు (క్షిపణులను నిలిపే భూగర్భ గుంతలు) ఉపగ్రహ చిత్రాల్లో బయటపడ్డాయి. అదే ఏడాది వేసవిలో భూమిని చుట్టి వచ్చే గ్లైడర్‌ను చైనా పరీక్షించింది. అమెరికా రాడార్లు ఉత్తర దిక్కుకు కాపు కాస్తుంటే, ఇది దక్షిణం నుంచి కూడా రాగలదు. 2024 నాటికి చైనా వార్‌హెడ్లు 600 దాటాయని అమెరికా రక్షణ శాఖ అంచనా. ఇదంతా క్షిపణి రక్షణ వల్లే జరిగిందని నేను అనను. షీ జిన్‌పింగ్ ఆశయాలు, తైవాన్ లెక్కలు కూడా ఉన్నాయి. కానీ దాని పాత్ర లేదనేవారి మాట నమ్మలేను.

2025లో మారింది ఏమిటి?

లక్ష్యం మారింది. 2019, 2022 నాటి అమెరికా క్షిపణి రక్షణ విధాన పత్రాలు రెండూ రష్యా, చైనాల పెద్ద క్షిపణి దాడులకు అణు ప్రతీకారమే జవాబు అన్నాయి. ట్రంప్ ఉత్తర్వు సమాన స్థాయి ప్రత్యర్థుల దాడులనూ ఆపాలంది. 2025 మే 20న ఆయన 17,500 కోట్ల డాలర్ల ఖర్చుతో, సుమారు మూడేళ్లలో, దాదాపు 100 శాతం విజయంతో గోల్డెన్ డోమ్ వస్తుందన్నారు. బాధ్యత జనరల్ మైకేల్ గెట్‌లైన్‌కు అప్పగించారు. అంతకు కొద్ది రోజుల ముందే, మే 8న, రష్యా, చైనా ఉమ్మడి ప్రకటనలో ఈ పథకాన్ని తీవ్రంగా ఖండించాయి.

అంతరిక్షంలోనే ఇంటర్‌సెప్టర్లు పెడితే కుదరదా?

ఆలోచనలో ఆకర్షణ ఉంది. క్షిపణి ఇంజిన్ మండుతుండగానే, బెలూన్లు వదలకముందే కొట్టవచ్చు. చిక్కు ఎక్కడంటే, తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం ఒక చోట నిలబడదు. గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. మీకు కావలసిన క్షణంలో కావలసిన చోట ఒకటి ఉండాలంటే ఆకాశమంతా వేలకొద్దీ పరచాలి. ఘన ఇంధనపు క్షిపణులు పదింటిని ఒకేసారి ఆపాలంటే సుమారు 16,000 ఇంటర్‌సెప్టర్లు కావాలని 2025లో అమెరికన్ భౌతిక శాస్త్ర సంఘం లెక్కగట్టింది. ప్రత్యర్థి మరో పది క్షిపణులు అదే చోట చేర్చితే ఇటు మరో 16,000 కావాలి. ఉత్తర కొరియా నుంచి ఒకటి రెండు క్షిపణులను ఆపే అంతరిక్ష వ్యవస్థకే 20 ఏళ్లలో 16,100 కోట్ల నుంచి 54,200 కోట్ల డాలర్ల వరకు అవుతుందని అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం చెప్పింది. పైగా ఆ ఉపగ్రహాలు తెలిసిన దారిలోనే తిరుగుతాయి. దాడికి ముందు వాటిని కూల్చి దారి చేసుకోవచ్చు.

ఇజ్రాయెల్‌లో పనిచేసింది కదా?

పనిచేసింది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ వదిలిన 300కు పైగా డ్రోన్లు, క్షిపణుల్లో దాదాపు అన్నీ కూలాయి. అదే ఏడాది అక్టోబరు 1న సుమారు 180 బాలిస్టిక్ క్షిపణులు వచ్చినప్పుడు మాత్రం నెవాటిమ్ వైమానిక స్థావరంపై పదుల సంఖ్యలో పడ్డాయి. స్థావరం పని మాత్రం ఆగిపోలేదు. మామూలు పేలుడు పదార్థం పడితే గొయ్యి పడుతుంది, పూడ్చుకోవచ్చు. అణు వార్‌హెడ్ పడిన చోట పూడ్చుకోవడానికి ఊరు మిగలదు. మామూలు యుద్ధంలో 90 శాతం గొప్ప విజయం. వంద అణు వార్‌హెడ్లు వస్తే 90 శాతం అంటే పది నగరాలు పోవడం.

ఈ కథలో మన దేశం ఎక్కడ ఉంది?

చాలామంది అనుకునే దానికన్నా దగ్గరగా. భారత క్షిపణి రక్షణ కార్యక్రమంలో పెద్ద భాగం హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ప్రయోగశాలల్లో రూపుదిద్దుకుంది. తొలి పరీక్ష 2006 నవంబరు 27న ఒడిశా తీరంలో విజయవంతమైంది. 2019 మార్చి 27న మిషన్ శక్తిలో ఉపగ్రహాన్ని కూల్చింది ఈ కుటుంబానికి చెందిన ఇంటర్‌సెప్టరే. రెండో దశలో ఏడీ-1 అనే ఇంటర్‌సెప్టర్‌ను 2022 నవంబరులో పరీక్షించారు. 2035 నాటికి సుదర్శన చక్రం పేరుతో దేశవ్యాప్త రక్షణ ఏర్పాటు చేస్తామని 2025 ఆగస్టు 15న ప్రధాని మోదీ ప్రకటించారు.

ఈ పనిలో మన తెలుగు ఇంజినీర్ల చెమట ఉంది. దాని మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక విషయం కళ్లు మూసుకుని దాటలేం. 2017 జనవరిలో పాకిస్తాన్ అబాబీల్ అనే, అనేక వార్‌హెడ్లు మోసే క్షిపణిని పరీక్షించింది. ఈ ప్రాంతంలో పెరుగుతున్న క్షిపణి రక్షణను తట్టుకోవడానికే అని ఆ దేశ సైన్యం బాహాటంగా చెప్పింది. షెవలీన్ కథే మన సరిహద్దులో మళ్లీ మొదలైంది. పైగా అమెరికా, రష్యాలకు అరగంట వ్యవధి ఉంది. మనకూ పాకిస్తాన్‌కూ మధ్య అది కొద్ది నిమిషాలే. డ్రోన్లు, మామూలు క్షిపణుల నుంచి నగరాలను, స్థావరాలను కాపాడుకోవడం అత్యవసరం. అణు క్షిపణుల మీద కూడా అలాంటి భరోసానే ప్రజలకు ఇవ్వడం మాత్రం సబబు కాదు.

అయితే క్షిపణి రక్షణ అసలు వద్దా?

వద్దనను. ఒకటి రెండు క్షిపణుల బెదిరింపును, పొరపాటున దూసుకొచ్చిన ఒక్క క్షిపణిని ఆపగలిగితే మంచిదే. సైలోలకు, ముందస్తు హెచ్చరిక రాడార్లకు కాపలా కాసే రక్షణ కూడా ప్రతీకార శక్తిని నిలుపుతుంది, ఎదుటివారిని అంతగా భయపెట్టదు. నా అభ్యంతరమంతా హద్దు లేకపోవడం మీదే. రక్షణకూ దాడికీ సంబంధం ఉందని అమెరికా, రష్యాల మధ్య కుదిరిన 2010 నాటి న్యూ స్టార్ట్ ఒప్పందం పీఠికలో ఒప్పుకుంది, కానీ రక్షణకు హద్దు పెట్టలేదు. మోహరించిన దీర్ఘశ్రేణి వార్‌హెడ్లను ఒక్కో దేశానికి 1,550కి కట్టడి చేసిన ఆ ఒప్పందం గడువు కూడా 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. ఇంటర్‌సెప్టర్ల సంఖ్య, అవి ఉండే చోటు, పరీక్షల సమాచారం మీద మాట్లాడుకోవడం తక్షణం మొదలుకావాలి. వార్‌హెడ్ల మీద కొత్త హద్దు కావాలంటే మాస్కో, బీజింగ్ ముందుగా అడిగేది ఇదే.

"పరీక్ష విజయవంతం" అని వార్తలో చదివినప్పుడు ఏమి గమనించాలి?

లక్ష్యం ఎంత దూరపు క్షిపణి, దానితో నకిలీలు ఉన్నాయా, అవి వార్‌హెడ్‌ను ఎంతగా పోలి ఉన్నాయి, ప్రయోగ సమయం ఇంటర్‌సెప్టర్ సిబ్బందికి ముందే తెలుసా, ఒకేసారి ఎన్ని లక్ష్యాలు వచ్చాయి? అలస్కా, కాలిఫోర్నియా వ్యవస్థ ఖండాంతర స్థాయి లక్ష్యాన్ని తొలిసారి కొట్టింది 2017 మే 30న. 2019 మార్చిలో రెండు ఇంటర్‌సెప్టర్లను ఒకే లక్ష్యం మీదికి వరుసగా వదిలారు. ఒకే లక్ష్యం మీదికి.